సాఫ్ట్‌నర్ పెట్టించిన ఎనిమిది నెలల తర్వాత: 23 చుక్కల నీళ్లు, ఒక్క చుక్క నీళ్లు

మా ఇంట్లో వాటర్ సాఫ్ట్‌నర్ (నీళ్లలోని సున్నం తీసే మిషన్) పెట్టించి ఎనిమిది నెలలు దాటింది. పెట్టించక ముందు తెలుగులో దీని గురించి ఎంత వెతికినా అమ్మేవాళ్ల మాటలే కనిపించాయి గానీ, ఇంట్లో వాడి, ఉప్పు పోసి, కడిగి, లెక్క రాసుకున్న వాళ్లు రాసింది ఒక్కటీ దొరకలేదు. అందుకే తీరిక చేసుకుని మొత్తం రాస్తున్నాను. బెంగళూరులో మారతహళ్లి, మున్నేకొళాల, కేఆర్ పురం, వైట్‌ఫీల్డ్ వైపు బోరు నీళ్లతో, ట్యాంకర్లతో నెట్టుకొస్తున్న తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి, వాళ్లలో ఒక్కరికి పనికొచ్చినా చాలు. ముందే చెప్పేస్తున్నా, వస్తువు మంచిది, పెట్టిన డబ్బు వృథా కాలేదు. కానీ నీళ్లు పరీక్ష చేయకుండా, ఇంటి వాడకం లెక్క కట్టకుండా కొంటే మాత్రం మోసపోతారు. మేము సగం మోసపోయాక బయటపడ్డాం.

మాది రాజమండ్రి. గోదావరి నీళ్లు తాగి పెరిగినవాళ్లం. అక్కడ కందిపప్పు కుక్కర్లో పెడితే మూడు కూతలకి మెత్తగా ఉడికిపోయేది, పప్పుగుత్తితో ఒక్కసారి తిప్పితే చాలు. 2023 డిసెంబరులో బెంగళూరులో ఈ ఇంట్లో దిగిన దగ్గర్నుంచి ఏడు కూతలైనా పప్పు పలుకుగానే ఉండేది. పప్పు పాతదేమో అనుకుని కొట్టు మార్చాను, తర్వాత కుక్కర్ గ్యాస్కెట్ మార్చాను. అత్తయ్యగారు వచ్చిన రెండో రోజే కనిపెట్టేశారు. చెంబులో నీళ్లు పట్టి నోట్లో పోసుకుని పుక్కిలించి ఉమ్మేసి, "ఇవి ఉప్పునీళ్లే అమ్మాయ్, వీటిలో పప్పేం ఉడుకుతుంది" అన్నారు. ఆవిడ మాట అక్షరాలా నిజం. నీళ్లలో కాల్షియం ఎక్కువుంటే అది పప్పు గింజలోని పెక్టిన్‌ని పట్టుకుని గట్టిపరుస్తుంది, అందుకే గింజ విడిపోదు. అన్నం కూడా లేత పసుపు రంగులోకి తిరిగేది, టీ పెడితే పైన నూనె తేలినట్టు ఒక తెట్టు కట్టేది, గ్లాసు అంచుకి గోధుమరంగు గీత పడేది. ఇవన్నీ వేరువేరు సమస్యలనుకుని ఒక్కోదానికి ఒక్కో వైద్యం చేస్తూ వచ్చాను. అన్నిటికీ కారణం ఒకటే, కుళాయిలోంచి వచ్చే నీళ్లు.

బట్టల సంగతి కూడా చెప్పాలి. పాప స్కూల్ యూనిఫాం తెల్ల చొక్కా మూడు నెలలకే బూడిద రంగుకి వచ్చేది. తువ్వాళ్లు ఆరేశాక అట్టముక్కల్లా నిలబడేవి. సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు, వచ్చేది నురగ కాదు, తెల్లటి జిడ్డు, అది బకెట్ చుట్టూ, బాత్రూమ్ గోడల మీద, మన ఒంటి మీద అంటుకుపోతుంది. సబ్బు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియంతో కలిసిపోయి కరగని ముద్దగా మారడం వల్ల అలా అవుతుంది, ఆ రెండూ అయిపోయేదాకా సబ్బు తన పని మొదలుపెట్టదు. అంటే మనం కొన్న సబ్బులో సగం నీళ్లకే పోస్తున్నామన్నమాట.

కానీ నన్ను కదిలించింది గీజర్. పద్నాలుగు నెలల్లో రెండుసార్లు ఎలిమెంట్ పోయింది. రెండోసారి మెకానిక్ విప్పుతుంటే పక్కనే నిలబడి చూశాను. కింద బోల్టులు తీసి ఎలిమెంట్ బయటికి లాగితే, రాగి తీగచుట్ట కనపడాల్సిన చోట తెల్లటి దిమ్మ ఉంది, వర్షంలో తడిసి గడ్డకట్టిన ముగ్గుపిండి ముద్దలాగా, వేలి లావున. ఆయన స్క్రూడ్రైవర్ వెనక భాగంతో కొడితే పెంకులు పెంకులుగా ఊడి బకెట్లో పడ్డాయి. గీజర్ అడుగున ఇంకో రెండు దోసిళ్ల ఇసకలాంటి పొడి. ఒక పెంకు తీసుకుని వంటింట్లో నిమ్మకాయ పిండితే సోడాలాగా బుసబుసా పొంగింది. పాప అది చూసి ఇంకో రెండు పెంకులు తెచ్చి మళ్లీ పిండించింది. సున్నపురాయి మీద పులుపు పోస్తే ఏమవుతుందో అదే, ఎందుకంటే అది సున్నపురాయే, కాల్షియం కార్బొనేట్. నీళ్లు వేడెక్కినప్పుడు కరిగున్న బైకార్బొనేట్ ఇలా గట్టిపడి ఎలిమెంట్‌కి దుప్పటిలా చుట్టుకుంటుంది, లోపలి వేడి నీళ్లకి చేరదు, కరెంటు కాలుతూనే ఉంటుంది, చివరికి ఎలిమెంట్ మాడిపోతుంది. మునుపు పదిహేను నిమిషాల్లో కాగే నీళ్లు ముప్పై నిమిషాలు ఎందుకు తీసుకుంటున్నాయో ఆరోజు అర్థమైంది.

సరే, అంతకుముందు నుంచీ నేను కొన్నవి వరసగా చెప్తాను, ఎందుకంటే సాఫ్ట్‌నర్ దాకా రావడానికి ముందు దారి తప్పాను.

మొదట షవర్ ఫిల్టర్, 1,800 రూపాయలు. షవర్‌కి ముందు బిగించే చిన్న డబ్బా, లోపల రంగురంగుల గుళికలు. జుట్టు రాలడం తగ్గుతుందని ప్రకటన. తర్వాత నేను పరీక్ష చేస్తే లోపలికి 23 చుక్కలు, బయటికి 22 చుక్కలు (చుక్కల సంగతి కింద చెప్తాను). క్లోరిన్ వాసన కొంత తగ్గిస్తుందేమో గానీ కాఠిన్యానికి (నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం మోతాదుకి) మాత్రం దానివల్ల లాభం లేదు. ఆలోచిస్తే అంతే కదా, గుప్పెడు గుళికలు రోజుకి వందల లీటర్ల నీళ్లలోని సున్నాన్ని ఎక్కడ పట్టుకుంటాయి?

రెండోది పైపుకి బయట బిగించే అయస్కాంతం. దీన్ని అమ్మేవాళ్లు కాఠిన్యం తగ్గుతుందని అనరు, సున్నం పైపులకి అంటుకోదు అంటారు. నాలుగు నెలలు ఉంచాను. రెండో ఎలిమెంట్ పోయింది ఆ నాలుగు నెలల్లోనే. ఇంకేం చెప్పను.

ఈలోగా ఇంటికి వచ్చిన సేల్స్‌వాళ్లు ముగ్గురు. ముగ్గురి చేతిలోనూ పెన్నులాంటి టీడీఎస్ మీటర్. ముంచి "చూడండి మేడమ్, 890" అని భయపెట్టడం, తర్వాత వాళ్ల మిషన్ గురించి చెప్పడం. ఒకాయన రెండు గ్లాసుల్లో నీళ్లు పోసి కరెంటు కడ్డీలు పెట్టాడు. మా బోరు నీళ్లు నిమిషంలో తుప్పు రంగులో, పైన నల్లటి మడ్డితో తయారయ్యాయి. ఆర్వో నీళ్లు తెల్లగానే ఉన్నాయి. అత్తయ్యగారు భయపడిపోయారు, "ఇదా మనం తాగేది" అని. దయచేసి దీన్ని నమ్మకండి. ఆ మడ్డి నీళ్లలోది కాదు, కడ్డీలోని ఇనుము కరిగి వచ్చింది. లవణాలున్న నీళ్లలో కరెంటు పారుతుంది కాబట్టి కడ్డీ కరుగుతుంది, ఆర్వో నీళ్లలో సరిగ్గా పారదు కాబట్టి కరగదు. ఆరోగ్యకరమైన నీళ్లలో చిటికెడు ఉప్పు వేసి పెట్టినా అదే రంగు వస్తుంది. ముసలివాళ్లున్న ఇంట్లో కూర్చుని ఇలా భయపెట్టి అమ్మడం నాకు చాలా కోపం తెప్పించింది.

టీడీఎస్ వేరు, కాఠిన్యం వేరు. ఈ ఒక్క ముక్క తెలిస్తే సగం డబ్బు మిగులుతుంది. టీడీఎస్ అంటే నీళ్లలో కరిగున్న అన్ని లవణాల మొత్తం, మామూలు ఉప్పుతో సహా. కాఠిన్యం అంటే అందులో కాల్షియం, మెగ్నీషియం వాటా మాత్రమే. మీటర్ ఈ వాటా చెప్పలేదు. దానికి చుక్కల కిట్ కావాలి, ఆన్‌లైన్‌లో నాలుగైదు వందలకి దొరుకుతుంది. చిన్న సీసాలో గీత దాకా నీళ్లు పట్టి, ముందు ఒక మందు, తర్వాత రంగు పొడి వేస్తే నీళ్లు ద్రాక్షరసం రంగుకి తిరుగుతాయి. అప్పుడు మూడో సీసాలోది ఒక్కో చుక్క వేస్తూ కలుపుతూ లెక్కపెట్టాలి. ఎన్నో చుక్కకి ఆ ఎరుపు పోయి శుభ్రమైన నీలం వస్తుందో చూడాలి. మా కిట్‌లో ఒక్కో చుక్క 25 పీపీఎంకి (అంటే లీటరుకి 25 మిల్లీగ్రాములకి) లెక్క. మొదటిసారి చేసినప్పుడు పాప పక్కన కూర్చుని లెక్కపెట్టింది. పది, పదిహేను, ఇరవై, ఇంకా ఎర్రగానే ఉంది, 21కి ఊదా రంగు తగిలింది, 23కి నీలం. అంటే 575 పీపీఎం. మన దేశపు తాగునీటి ప్రమాణంలో కాఠిన్యం 200 లోపు ఉండాలని, వేరే నీళ్లు దొరకని చోట 600 దాకా ఒప్పుకోవచ్చని ఉంది. మావి ఆ చివరి గీతని ఆనుకుని ఉన్నాయి. జయనగర్‌లో మా ఆడపడుచు వాళ్లింట్లో కావేరి నీళ్లు వస్తాయి, అక్కడ చేస్తే 5 చుక్కలకే నీలం వచ్చేసింది. ఒకే ఊరు, ఒకే పన్నులు, అక్కడ పప్పు ఉడుకుతుంది, ఇక్కడ ఉడకదు.

ఎందుకింత తేడా అంటే, మా వైపు బోర్లు వెయ్యి అడుగులు దాటి వెళ్లాయి. అంత లోతు రాతి చీలికల్లో ఏళ్ల తరబడి నిలవున్న నీళ్లు ఆ రాతిలోని కాల్షియాన్ని, మెగ్నీషియాన్ని కరిగించుకుని వస్తాయి. కావేరి నీళ్లు నది నుంచి, సుమారు వంద కిలోమీటర్ల దూరం నుంచి పంపు చేసి తెచ్చేవి. 2024 ఎండాకాలం బెంగళూరులో ఉన్నవాళ్లకి నేను చెప్పక్కర్లేదు, నగరంలో 13,900 బోర్లుంటే 6,900 ఎండిపోయాయని ఉప ముఖ్యమంత్రి స్వయంగా చెప్పిన ఎండాకాలం అది. మా బోరు కూడా ఆ మార్చిలో రోజుకి గంట కూడా పోయలేదు. అప్పుడు ట్యాంకర్లకి ప్రభుత్వం రేటు కట్టింది, 5 కిలోమీటర్ల లోపు 12,000 లీటర్లకి 1,000 రూపాయలని. కానీ ట్యాంకర్ నీళ్లు కూడా ఎవరిదో బోరు నీళ్లేగా. ఇప్పుడు మాకు ట్యాంకర్ వచ్చినప్పుడల్లా చుక్కలు వేసి చూస్తాను. ఒకసారి 18, ఒకసారి 28 కూడా వచ్చింది.

ఇక సాఫ్ట్‌నర్. ఇది పెద్ద సిలిండర్, ఫైబర్‌ది, పన్నెండంగుళాల లావు, నాలుగడుగుల ఎత్తు. లోపల సగానికి పైగా చేప గుడ్లలాంటి బంగారు రంగు గింజలు, వాటినే రెజిన్ అంటారు. ఈ గింజల నిండా సోడియం ఉంటుంది. కఠినమైన నీళ్లు వాటి మధ్య నుంచి పోతుంటే గింజలు కాల్షియాన్ని, మెగ్నీషియాన్ని పట్టుకుని బదులుగా సోడియాన్ని వదులుతాయి. కొన్నాళ్లకి గింజలు కాల్షియంతో నిండిపోతాయి. అప్పుడు చిక్కటి ఉప్పునీళ్లు పోనిస్తే కాల్షియం వదిలి మళ్లీ సోడియం ఎక్కించుకుంటాయి. దాన్ని రీజనరేషన్ అంటారు. పనిచేసే తీరు ఇంతే, పాత పద్ధతి, నమ్మకమైన పద్ధతి.

కొనేటప్పుడు లెక్క ఇలా చేశాను, ఇది కాస్త ఓపిగ్గా చదవండి. ఒక లీటరు రెజిన్ సుమారు 50 గ్రాముల కాఠిన్యాన్ని పట్టుకుంటుంది. అమ్మకానికి వచ్చినాయన మాకు 25 లీటర్ల రెజిన్ ఉన్నది చాలు, నెలకొకసారి ఉప్పు పోస్తే సరిపోతుంది అన్నారు. 25 లీటర్లు అంటే 1,250 గ్రాములు. మా నీళ్లలో లీటరుకి 575 మిల్లీగ్రాములు. భాగిస్తే 2,170 లీటర్లు వస్తాయి. మా వాడకం రోజుకి సుమారు 650 లీటర్లు (ట్యాంకు ఎన్నిసార్లు నిండుతోందో రెండు వారాలు రాసుకున్నాను). అంటే మూడు రోజులకొకసారి రీజనరేషన్, నెలకి కాదు! ఆయనకి ఈ లెక్క కాగితం మీద వేసి చూపిస్తే ఇంకేం మాట్లాడలేదు. అందుకే 50 లీటర్ల రెజిన్‌ది తీసుకున్నాం, ఇక్కడి పీణ్య ఇండస్ట్రియల్ ఏరియా వైపు అసెంబుల్ చేసినది, చేత్తో తిప్పే వాల్వ్‌తో, బిగింపుతో కలిపి 34,000 అయ్యింది. ఆరున్నర రోజులకి పైగా, దాదాపు వారం వస్తుంది, కాబట్టి ప్రతి శనివారం ఉదయం చేసేస్తాం. ఆటోమేటిక్‌వి దీనికి రెట్టింపు ధర దాకా చెప్పారు. ఇంట్లో ఎవరో ఒకరు ఉండేవాళ్లయితే చేతి వాల్వ్ చాలని నా అభిప్రాయం, పాడయ్యే భాగాలు కూడా తక్కువ.

ఇల్లు అద్దెది. ఓనర్ ఆంటీ వాళ్లు తరతరాలుగా ఇక్కడివాళ్లే, ఇంట్లో తెలుగే మాట్లాడతారు. పర్మిషన్ అడగడానికి కిందికి వెళ్తే, "చానా ఏండ్లుగా ఇవే నీళ్లు పోసుకుంటా ఉండాము మా, మాకేం కాలే. అయినా పాప కోసరం అంటా ఉండావు కదా, పెట్టుకో. గోడకి మాత్రం ఎక్కువ బొక్కలు కొట్టించొద్దు" అన్నారు. మా అంతస్తుకి విడిగా వెయ్యి లీటర్ల ట్యాంకు ఉండడం మా అదృష్టం. ట్యాంకు నుంచి కిందికి వచ్చే లైనులో ఇలాంటిది పెడితే ప్రెషర్ చాలదు, పైనుంచి పది అడుగుల ఎత్తులో దిగే నీళ్లకి గింజల మధ్య నుంచి దూరే బలం ఉండదు. అందుకని సంపు మోటారు నుంచి మా ట్యాంకుకి ఎక్కే లైనులో పెట్టించాం.

మోసపోయింది ఇక్కడే. బిగించినవాళ్లు మోటారు నుంచి వచ్చే మొత్తం నీళ్లని నేరుగా సిలిండర్లోకి ఇచ్చేశారు, టీడీఎస్ మీటర్ ముంచి ఏదో చెప్పి, సంతకం పెట్టించుకుని వెళ్లిపోయారు. సాయంత్రం నేను చుక్కలు వేస్తే 7 వచ్చాయి. కొత్త సాఫ్ట్‌నర్‌లోంచి 175 పీపీఎం! ఫోన్ చేస్తే "రెండు రోజులు వాడండి, సెట్ అవుతుంది" అన్నారు. వారం అయినా అంతే. తర్వాత ఫోన్ ఎత్తడం మానేశారు. ఎంత టెన్షన్ పడ్డానో నాకే తెలుసు, 34,000 అంటే మాకు చిన్న మొత్తం కాదు. చివరికి మా వీధిలో పనిచేసే ప్లంబర్, మదనపల్లె అబ్బాయి, వచ్చి మోటారు వేసి బకెట్ ఎంతసేపట్లో నిండుతోందో చూసి, "అక్కా, మోటారు నీళ్లని తోసేస్తా ఉంది, గింజలు పట్టుకునేదానికి టైమే లేదు" అన్నాడు. సిలిండర్‌కి ముందు ఒక టీ (మూడు దారుల పైపు ముక్క) పెట్టి, ఎక్కువైన నీళ్లు మళ్లీ సంపులోకే తిరిగి వెళ్లేలా చిన్న పైపు, ఒక వాల్వ్ బిగించాడు. గంటకి సుమారు 1,200 లీటర్లకి తగ్గించాం. ట్యాంకు నిండడానికి మునుపటికన్నా రెట్టింపు సమయం పడుతుంది, అంతే. మళ్లీ చుక్కలు వేశాను. ఒక్క చుక్క పడగానే నీలం. ఇంకో గ్లాసు పట్టి మళ్లీ వేశాను, మళ్లీ ఒక్క చుక్కకే నీలం. పైపులకీ, వాల్వ్‌కీ, ఆ అబ్బాయి కూలీకీ కలిపి 1,400 అయింది. ఎవరి దగ్గర కొన్నా సరే, బిగించాక వాళ్లు ఇంట్లో ఉండగానే చుక్కల పరీక్ష చేసి, అప్పుడే మిగతా డబ్బు ఇవ్వండి.

ఎనిమిది నెలల్లో ఏం మారిందో చెప్తాను. బట్టల పొడి సగానికి తగ్గించాను, ఇంకా తగ్గించవచ్చు. తువ్వాళ్లు మళ్లీ తువ్వాళ్లలా ఉన్నాయి. కుళాయిల మీద తెల్ల మచ్చలు కొత్తగా పడడం లేదు, పాతవి మాత్రం వాటంతట అవి పోవు. నిమ్మ ఉప్పు వంద గ్రాములు లీటరు గోరువెచ్చని నీళ్లలో కలిపి గుడ్డ తడిపి కుళాయికి చుట్టి అరగంట ఉంచితే పోయాయి. బాత్రూమ్ యాసిడ్ వాడకండి, మెరుపు పోతుంది, బ్లీచింగ్‌తో కలిస్తే విషవాయువు వస్తుంది. గీజర్ ఆరో నెలలో విప్పించి చూశాను, ఎలిమెంట్ రాగి రంగు కనిపిస్తోంది. మొదటి నెలలో ఒక చిన్న ఇబ్బంది, పైపుల్లోని పాత సున్నం పెచ్చులుగా ఊడి కుళాయి జల్లెడల్లో అడ్డుపడింది, రెండుమూడు సార్లు విప్పి దులపాల్సి వచ్చింది.

స్నానం చేస్తే ఒళ్లు జారుడుగా అనిపిస్తుంది, సబ్బు పోలేదేమో అనిపిస్తుంది. మా ఆయన మొదటి వారం రోజూ అదనంగా రెండు చెంబులు పోసుకున్నారు. నిజానికి సబ్బు పోయింది, ఇదివరకు ఒంటి మీద పోకుండా ఉండిపోయేది ఆ తెల్ల జిడ్డు, అదిప్పుడు లేదు. సబ్బు తక్కువ వాడితే సరిపోతుంది, పది రోజుల్లో అలవాటైపోయింది.

జుట్టు గురించి అందరూ అడుగుతారు. నా జుట్టు మెత్తగా అయింది, దువ్వెన సాఫీగా దిగుతోంది, చిక్కులు తగ్గాయి. రాలడం ఆగిందా అంటే ఆగిందని చెప్పలేను, రాలడానికి వేరే కారణాలు చాలా ఉంటాయి, నాకు రక్తం తక్కువని తేలి మాత్రలు వేసుకుంటున్నాను. పాపకి మోచేతి మడతల్లో ఎగ్జిమా ఉంది, నిజానికి నేను దీని కోసం కూడా ఇంత తాపత్రయపడ్డాను. దాని విషయంలో నిజం చెప్పాలి. తగ్గలేదు. స్నానం తర్వాత చర్మం లాగినట్టు ఉండడం తగ్గింది, అది పాపకి హాయిగానే ఉంది, కానీ ఎర్రమచ్చలు మాత్రం వస్తూనే ఉన్నాయి, డాక్టరిచ్చిన పూతమందే పనిచేస్తోంది. బ్రిటన్‌లో 2011లో వెలువడిన ఒక పెద్ద పరీక్షలో 336 మంది ఎగ్జిమా పిల్లల్లో సగం మంది ఇళ్లలో సాఫ్ట్‌నర్లు పెట్టి చూస్తే, దానివల్ల అదనపు మేలు కనపడలేదట. ఇది నాకు కొన్నాక తెలిసింది. పిల్లల చర్మం బాగవుతుందని ఎవరైనా మీకు అమ్మజూస్తే ఈ మాట గుర్తుపెట్టుకోండి. కిడ్నీలో రాళ్ల పేరు చెప్పి భయపెట్టేవాళ్ల మాట కూడా నేరుగా నమ్మకండి, ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా కాఠిన్యానికి ఆరోగ్యం పేరుతో పరిమితి ఏదీ పెట్టలేదు. ఇది ఇంటి వస్తువులకీ, బట్టలకీ, వంటకీ సంబంధించిన సమస్య. అదే పెద్ద సమస్య.

ఇప్పుడు తప్పకుండా చదవాల్సింది. ఈ నీళ్లు నేరుగా తాగకండి, ముఖ్యంగా బీపీ ఉన్నవాళ్లు. కాల్షియం పోయిన ప్రతిచోటా సోడియం వచ్చి చేరుతుంది. వంద పీపీఎం కాఠిన్యం తీస్తే సుమారు 46 మిల్లీగ్రాముల సోడియం వస్తుంది. మా లెక్కకి లీటరుకి 260 పైమాటే. అత్తయ్యగారికి బీపీ. అందుకే తాగడానికి, పప్పుకి, అన్నానికి, అన్నిటికీ ఆర్వో నీళ్లే వాడుతున్నాం, ఆ ఆర్వోకి మాత్రం సాఫ్ట్‌నర్ నీళ్లే ఇచ్చాం. అలా ఇస్తే ఆర్వో పొర మీద సున్నం కట్టదు, సోడియాన్ని చాలావరకు ఆ పొరే ఆపేస్తుంది. పప్పు మళ్లీ మూడు నాలుగు కూతలకే ఉడుకుతోంది. సాఫ్ట్‌నర్ పెడితే టీడీఎస్ తగ్గుతుందని ఎవరైనా అంటే అది అబద్ధం. మాది 890 ఉండేది, ఇప్పుడు 900 పైన చూపిస్తుంది.

మొక్కలు. ఇది నాకు ఎవరూ చెప్పలేదు. బాల్కనీలో కుండీలో కరివేపాకు మొక్క ఉంది, రాజమండ్రి నుంచి తెచ్చిన పిలక. సాఫ్ట్‌నర్ పెట్టాక కూడా అదే కుళాయి నీళ్లు పోశాను. నెలన్నరకి ఆకుల చివర్లు గోధుమరంగులోకి మాడాయి, మట్టి పైన గట్టి పెచ్చు కట్టింది, పోసిన నీళ్లు దిగకుండా పైనే నిలబడుతున్నాయి. సోడియం మట్టిని అలా చేస్తుంది. మొక్కలకి ఈ నీళ్లకన్నా పాత బోరు నీళ్లే నయం. సంపు దగ్గర ఒక కుళాయి సాఫ్ట్‌నర్‌కి ముందు లైనులోంచి విడిగా పెట్టించుకున్నాం, ఇప్పుడు రోజూ ఒక బకెట్ మోసుకెళ్తాను. మట్టి మార్చాక కరివేపాకు కొత్త చిగురు వేసింది. ఆర్వో నుంచి పారబోసే నీళ్లు కూడా ఇప్పుడు మొక్కలకి పనికిరావు, గచ్చు తుడవడానికి వాడుతున్నాం.

శనివారం పని ఇలా ఉంటుంది. శుక్రవారం రాత్రి డ్రమ్ములో ఆరు కిలోల కల్లుప్పు, ఇరవై లీటర్ల నీళ్లు పోసి కర్రతో కలిపి ఉంచుతాను. అయోడిన్ కలిపిన మెత్తటి ఉప్పు వద్దు, తెల్లటి శుభ్రమైన కల్లుప్పు కావాలి, మట్టి ఉంటే గింజల్లో ఇరుక్కుంటుంది. ఉదయం మోటారు వేసి వాల్వ్‌ని బ్యాక్‌వాష్‌కి తిప్పితే పది నిమిషాలు కింద నుంచి పైకి నీళ్లు పోయి గింజలు విడిపడి మురికి బయటికొస్తుంది. తర్వాత ఉప్పునీళ్లు లాగే గుర్తు మీదకి తిప్పితే డ్రమ్ములోవి మెల్లగా సిలిండర్లోకి వెళ్తాయి, ముప్పై నలభై నిమిషాలు. దీన్ని తొందరపెట్టకూడదు. చివర్లో పది నిమిషాలు కడగాలి, బయటికొచ్చే నీళ్లు నాలిక మీద వేసుకుంటే ఉప్పదనం పోయేదాకా. వాల్వ్‌ని సర్వీస్ (మామూలు వాడకం) గుర్తుకి తిప్పి ఒక్క చుక్క పరీక్ష. మొత్తం గంటంబావు. నెలకి సుమారు పాతిక కిలోల ఉప్పు, బస్తా 350కి తెస్తున్నాం. రీజనరేషన్‌కి ప్రతిసారీ 300 లీటర్ల దాకా నీళ్లు కాలువలో పోతాయి, ఈ వస్తువులో నాకు నచ్చనిది ఇదే. నీళ్లకి కటకటలాడే ఊళ్లో అన్ని నీళ్లు ఉప్పు చేసి వదలడం మనసుకి బాధగానే ఉంటుంది, వేరే దారి కూడా లేదు.

లేదు అన్నాను గానీ ఒకటుంది, వాన. వాన నీళ్లలో కాఠిన్యం దాదాపు ఉండదు. బెంగళూరులో ఒక సైజు దాటిన ఇళ్లకి వాన నీటి సేకరణ 2009 నుంచి తప్పనిసరి. మా ఓనర్ వాళ్ల డాబా సుమారు 1,200 చదరపు అడుగులు, ఈ ఊళ్లో ఏడాదికి కురిసే వాన సుమారు 970 మిల్లీమీటర్లు, లెక్క కడితే ఏడాదికి లక్ష లీటర్లు! ఆ పైపు నేరుగా భూమిలోకి వెళ్తుంటే, మొదటి వాన వదిలేసి తర్వాతిది ఫిల్టర్ మీదుగా సంపులోకి మళ్లించమని అడిగాను, సెప్టెంబరులో ఒప్పుకున్నారు. అక్టోబరు వానలకి సంపు నీళ్లు 23 చుక్కల నుంచి 11కి వచ్చాయి. ఆ నెల రెండు వారాలకొకసారే ఉప్పు పోశాను.

కావేరి అయిదో దశ 2024 అక్టోబరులో మొదలైంది, నగరం చివర్లో కలిసిన 110 గ్రామాల కోసం రోజుకి 775 మిలియన్ లీటర్లు. మా వీధి కూడా ఆ పరిధిలోనే ఉంది, ఆంటీ వాళ్లు కనెక్షన్‌కి అప్లై చేసే పనిలో ఉన్నారు. కావేరి రోజూ వచ్చే ఇంట్లో ఉంటే సాఫ్ట్‌నర్ కొనకండి, అవసరం లేదు. ఏడాదిలోపు ఇల్లు మారే ఉద్దేశం ఉన్నవాళ్లు కూడా ఇంత పెట్టకండి. వాషింగ్ మెషిన్‌కీ గీజర్‌కీ ముందు బిగించే పాలీఫాస్ఫేట్ గుళికల ఫిల్టర్ ఎనిమిది వందలకి వస్తుంది, కాఠిన్యం తీయదు గానీ సున్నం అంటుకోవడం కొంత తగ్గిస్తుంది, ఆ నీళ్లు మాత్రం తాగడానికి పనికిరావు. చుక్కల్లో 300 పీపీఎం దాటి, ముగ్గురికి మించి మనుషులుండి, వారానికి గంట సమయం పెట్టగలిగితే సాఫ్ట్‌నర్ కొనండి. నీళ్లు ఎర్రగా వస్తుంటే ముందు ఇనుము తీసే ఫిల్టర్ పెట్టాలి, లేకపోతే గింజలు పాడవుతాయి.

పోయిన ఆదివారం ఓనర్ ఆంటీ కుక్కర్ పట్టుకుని పైకొచ్చారు, "మీ ఇంట్లో పప్పు ఎట్ల ఉడకతా ఉంది మా" అని. వాళ్ల కుళాయి నీళ్లు తెప్పించి పాప చేతే చుక్కలు వేయించాను, 24 వచ్చాయి. వాళ్లింట్లో ఏడుగురు. 75 లీటర్ల రెజిన్ కావాలని కాగితం మీద లెక్క కట్టి, మదనపల్లె అబ్బాయి నంబరు రాసి ఇచ్చాను.